గీతకు అవతలి ఊళ్లు

భద్రాచలంలో చర్ల రోడ్డు పట్టుకుని బయల్దేరితే కొద్ది నిమిషాల్లోనే రాష్ట్రం మారిపోతుంది. దారి అదే, మాట అదే, రోడ్డు పక్క చింతచెట్లూ అవే. దుకాణం బోర్డు మీద జిల్లా పేరు మాత్రం వేరు. ఇంకాస్త ముందుకు పోతే మళ్లీ తెలంగాణ వస్తుంది. పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతాల పేరిట 2014లో పునర్వ్యవస్థీకరణ చట్టాన్ని సవరించి, ఖమ్మం జిల్లాకు చెందిన ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు మొత్తంగా పోయాయి. బూర్గంపాడు కొంత పోయింది. భద్రాచలం మండలంలో ఒక్క భద్రాచలం రెవెన్యూ గ్రామం మాత్రం తెలంగాణకు మిగిలింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు గీతకు అవతల పడ్డాయి.

ఆ గీత ఏం చేసిందో తెలుసుకోవాలంటే భద్రాచలం చెత్తబండి వెనక నడిస్తే చాలు. ఒక పక్క గోదావరి, మిగతా పక్కల ఇంకో రాష్ట్రం. ఏటా శ్రీరామనవమికి, ముక్కోటికి లక్షల మంది వచ్చిపోయే ఊళ్లో రోజూ పోగయ్యే చెత్త పోయడానికి జాగా లేదు. ఊరికి ఆనుకుని ఉన్న ఖాళీ నేలంతా పక్క రాష్ట్రపుది. రాములవారి భూములు పురుషోత్తపట్నంలో ఉన్నాయి, గుడి మాత్రం ఇవతల ఉంది. భద్రాచలం పారిశుధ్యాన్ని ఊరి నక్షా అంచుల్లోపలే గీసి పరిష్కారం వెతికితే ఎంత వెతికినా దొరకదు. సమస్యలో సగం కాగితం బయట ఉంది మరి.

ఒక వ్యవస్థను అర్థం చేసుకోవడానికి బొమ్మ గీయడం ఇప్పుడు అన్ని రంగాల్లోనూ అలవాటైంది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తెల్లబోర్డు మీద గళ్లు, బాణాలు. వాటర్‌షెడ్ సమావేశంలో నేల మీద ముగ్గు. నీటిపారుదల శాఖలో కాంటూరు పటం. వీటన్నిటిలోనూ చూపు లోపలి గళ్ల మీదికి, బాణాల మీదికి పోతుంది. బయటి అంచు ఎవరు గీశారు, ఎక్కడ ఆపారు అన్నది ఎవరూ పట్టించుకోరు. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో గడిచిన నూటయాభై ఏళ్ల కథ చూస్తే, మనుషుల బతుకును ఎక్కువగా తేల్చింది ఆ అంచు గీతే.

బొమ్మల చరిత్ర కొంత చెప్పుకోవాలి. అమెరికాలో ఎంఐటీకి చెందిన జే ఫారెస్టర్ 1961లో ఫ్యాక్టరీ నిల్వలు, ఆర్డర్లు ఎందుకు ఊగిసలాడతాయో ప్రవాహాల బొమ్మలతో చూపించాడు. ఒకదాని ఫలితం చుట్టూ తిరిగొచ్చి మళ్లీ మొదటిదాన్నే పెంచడం, లేదా తగ్గించడం: ఈ తిరుగుడును బాణాలతో గీయడం అక్కడ ఊపందుకుంది. 1972లో వచ్చిన 'లిమిట్స్ టు గ్రోత్' నివేదిక ఆ పద్ధతిని ప్రపంచ జనాభా, తిండి, కాలుష్యం లెక్కలకు వాడింది. ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో పీటర్ చెక్‌లాండ్ ఇంకో దారి పట్టాడు. మనుషులున్న చోట సమస్య ఏమిటన్న దానిమీదే ఒక మాట కుదరదని, అందుకే ముందు గజిబిజిగా ఉన్నదున్నట్టు బొమ్మ వెయ్యాలని అన్నాడు. మనుషులు, తగాదాలు, అనుమానాలు, డబ్బు, అధికారం అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. చక్కటి గళ్లు తర్వాతి మాట.

మూడో పాయ మన దగ్గరికి నేరుగా వచ్చింది. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై విశ్వవిద్యాలయంలో 1970ల చివర గోర్డన్ కాన్వే, అక్కడి వ్యవసాయ శాస్త్రజ్ఞులతో కలిసి పొలం, అడవి, నీరు, సంత కలిసిన వ్యవస్థను పటాలుగా, నేల అడ్డుకోత బొమ్మలుగా, రుతువుల పట్టికలుగా గీసే పద్ధతి తయారు చేశాడు. ఆ బొమ్మల్ని శాస్త్రజ్ఞుడి చేతిలోంచి ఊరివాళ్ల చేతుల్లోకి తెచ్చే ప్రయత్నం మన దేశంలో 1980ల చివర ముమ్మరంగా సాగింది. ఆ పని చేసిన వాళ్లలో ముఖ్యుడైన రాబర్ట్ చాంబర్స్ 1989 నుంచి 1991 దాకా హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలోనే ఉన్నాడు. కర్ణాటకలో మైరాడా, గుజరాత్‌లో ఆగాఖాన్ గ్రామీణ సంస్థ వంటివి ముగ్గుపిండితో, రంగులతో ఊళ్ల పటాలు నేల మీద గీయించాయి. ఏ సంస్థ ఊరికి ఎంత దగ్గరో, ఎంత పెద్దదో చూపడానికి చిన్నా పెద్దా గుండ్రాలు కత్తిరించి పేర్చేవారు. వాటికి చపాతీ బొమ్మలని మన దేశంలోనే పేరు పడింది.

ఇక హద్దు మాట. వెస్ట్ చర్చ్‌మన్ అనే అమెరికన్ తత్వవేత్త వ్యవస్థల ఆలోచనలో దీన్నే నడిమధ్యన నిలబెట్టాడు. ఆయన శిష్యుడు, స్విట్జర్లాండ్‌కు చెందిన వెర్నర్ ఉల్రిక్ 1983లో దాన్ని పన్నెండు ప్రశ్నలుగా విడదీశాడు. ఈ పథకం ఎవరి మేలు కోసం? నిర్ణయం ఎవరిది? ఎవరి తెలివిని తెలివిగా లెక్కేస్తున్నారు? లోపల చోటు లేకపోయినా దెబ్బ తినేవాళ్ల తరఫున మాట్లాడేదెవరు? ప్రతిదాన్నీ రెండుసార్లు అడగాలి, ఇప్పుడు ఎలా ఉంది, ఎలా ఉండాలి అని. ఇవి విదేశీ గ్రంథాల్లోంచి వచ్చినా, శబరి నది ఒడ్డున కూర్చున్నవాళ్లకు కొత్తవి కావు. పోలవరం కాగితాలు వచ్చిన ప్రతి ఊళ్లో జనం అడిగినవి ఇవే.

ఈ నేల మీద గీతల గొడవ 1874లోనే మొదలైంది. అప్పటిదాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఆ ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు బదలాయించారు. పాత ఏలుబడిలో అడవి కొట్టి చేసే పోడు సాగుకు పన్ను గొడ్డలి లెక్కన ఉండేది: ఒక గొడ్డలికి నాలుగణాలు. ఒక మనిషి ఒక గొడ్డలితో ఎంత కొట్టి సాగు చేసుకోగలిగితే అంత. నేల ఎంతన్నది కొలవాల్సిన పనే లేదు, కొలతబద్ద మనిషి రెక్కలే. కొండల్లో తిరుగుతూ, ఒకచోట రెండు మూడేళ్లు విత్తి, ఆ నేలను మళ్లీ అడవికి వదిలేసే సాగుకు అది సరిగ్గా అతికింది. మద్రాసు లెక్క వేరు. అది ఎకరాలు కొలిచింది, పన్నును దాదాపు మూడింతలు చేసింది, కొన్ని చోట్ల పోడు కొట్టనే కూడదంది. 1879లో రంపలో లేచిన తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి ఇదొక కారణమని గోదావరి జిల్లా గెజిటీర్ రాసింది. వ్యవస్థ మారలేదు, దాన్ని కొలిచే బొమ్మ మారింది. తిరిగే సాగును నిలబడ్డ గళ్లలో పెట్టారు.

అక్కడి నుంచి హద్దులు కదులుతూనే ఉన్నాయి. కూనవరంలో ఒక ఇంటి గుమ్మం కదలకుండానే జిల్లాలు మారింది. తూర్పు గోదావరి నుంచి 1959లో ఖమ్మంలోకి, 2014లో మళ్లీ తూర్పు గోదావరిలోకి, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి. మారిన ప్రతిసారీ ఫైళ్లు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు ప్రయాణించాయి.

అన్నిటికంటే నిలకడగా ఉన్న కొలత భద్రాచలం స్నానఘట్టాల దగ్గరి గేజీ. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇక్కడివాళ్లకు లక్షల క్యూసెక్కులు ఎక్కవు. "యాభైమూడు దాటింది" అంటే చాలు, పక్క ఊళ్లలో సామాన్లు అటకెక్కుతాయి, పశువుల పగ్గాలు విప్పుతారు. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు. 2022 జులై 16న 71.3 అడుగులు. అప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఒక నిలువు గీత, మూడు గుర్తులు: ఈ ప్రాంతంలో జనం ప్రాణాలు కాపాడిన బొమ్మల్లో ఇంతకంటే సాదా బొమ్మ లేదు. దాని బలం ఎక్కడుందంటే, ప్రతి అంకెకూ చెయ్యాల్సిన పని ఒకటి జోడించి ఉంది.

కానీ ఆ గేజీ భద్రాచలం దగ్గరి నీటిని మాత్రమే చెబుతుంది. కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి తన్నుతుంది. శబరి కూడా పొంగితే భద్రాచలం దగ్గర గోదావరి తొందరగా తగ్గదు. ఎగువన తాలిపేరు, ఇంద్రావతి, ప్రాణహిత. దిగువన కిన్నెరసాని. గేజీ అంకె తగ్గుముఖం పట్టిందని టీవీలో చెప్పిన రోజునే శబరి ఒడ్డున కొన్ని ఇళ్లలోకి నీరు ఎక్కుతూ ఉండొచ్చు. ఒక్క అంకెను ఒక్క ఊరికి కట్టేస్తే మిగిలిన నది కనపడకుండా పోతుంది.

కరకట్ట కథ ఇంకో పాఠం. ఊరిని నదినుంచి కాపాడడానికి కట్ట వేశారు, అది కాపాడింది కూడా. అయితే బొమ్మలో కట్టకు ఇవతలి వైపు ఊరు, అవతలి వైపు నది అని రెండే గళ్లు గీసినప్పుడు, ఊరి మీద కురిసే వాన ఎటు పోవాలో గీయడం మర్చిపోతారు. మామూలు రోజుల్లో తూముల గుండా ఆ నీరు గోదావరిలోకి దిగుతుంది. నది ఎత్తు పెరిగితే తూముల తలుపులు మూసేయాలి. లేకపోతే నదే లోపలికి వస్తుంది. మూస్తే వాననీరు లోపల చిక్కుతుంది. అప్పుడు మోటార్లు పెట్టి కట్ట మీదుగా ఎత్తిపోయాలి. రామాలయం పరిసరాల్లో, లోతట్టు కాలనీల్లో గోదావరి కట్ట దాటకుండానే మోకాలి లోతు నీళ్లు నిలిచే సందర్భాలు ఇందుకే వస్తాయి. వాన, తూము, మోటారు, దానికి కరెంటు, కరెంటు పోతే డీజిలు: ఈ అయిదింటినీ బాణాలతో కలిపి గోడకు తగిలిస్తే ఎక్కడ మనిషిని కాపలా పెట్టాలో చూడగానే తెలుస్తుంది. కట్టను ఎటపాక వైపు పొడిగించాలన్నా, పటిష్ఠం చెయ్యాలన్నా మళ్లీ రాష్ట్రాల గీత అడ్డం వస్తుంది.

పోలవరం దగ్గరికి వచ్చేసరికి గీత పేరు కాంటూరు. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. దీని కింద లక్ష కుటుంబాల దాకా ఇళ్లు ఖాళీ చెయ్యాల్సి ఉంది. పునరావాసాన్ని రెండు దశలు చేసి, మొదటి దశకు 41.15 మీటర్ల గీతను హద్దుగా పెట్టుకున్నారు. ఆ గీత కిందున్న ఊరికి ముందు పరిహారం, ముందు కాలనీ. పైనున్న ఊరు ఆగాలి. కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది.

చిక్కు కాంటూరు స్వభావంలోనే ఉంది. కాంటూరు అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. కదలకుండా నిలిచిన చెరువుకు అది కచ్చితమైన అంచు. పారే వరదకు కాదు. నీరు పారాలంటే వాలు ఉండాలి, అంటే ఎగువన మట్టం దిగువకంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. వరద ఎంత పెద్దదైతే, నది ఎంత ఇరుకైతే ఆ తేడా అంతగా పెరుగుతుంది. పాపికొండల నడుమ గోదావరి ఎంత ఇరుకో పడవలో పోయిన ప్రతివాళ్లకూ తెలుసు. ఆ ఇరుకుకు ఎగువన కూనవరం, వరరామచంద్రాపురం, అక్కడి నుంచి శబరి పట్టుకుని చింతూరు. 2022 జులైలో జలాశయం నింపకముందే ఈ మండలాల్లో గీతకు పైన ఉన్నాయని రాసుకున్న ఊళ్లలోకి కూడా నీళ్లు వచ్చాయి. గుట్టల మీదికెక్కి టార్పాలిన్లు కట్టుకున్నవాళ్లు అధికారులను అడిగింది ఒకటే: మేం మునిగినట్టా, మునగనట్టా? పటం ప్రకారం వాళ్లు మునగలేదు.

ఎంత వరదకు బొమ్మ గీయాలన్నదీ హద్దు ప్రశ్నే. 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ తీర్పు 36 లక్షల క్యూసెక్కుల వరదను లెక్కలోకి తీసుకుంది. తర్వాత స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులకు రూపొందించారు. డ్యామ్‌కు ఒక వరద, వెనక జలాలకు ఇంకో వరద ఎలా అవుతుందని ఒడిశా, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ ఏళ్లుగా అడుగుతున్నాయి. కిన్నెరసాని, ముర్రేడువాగుల్లో నీరు వెనక్కి తన్ని నిలిచిపోతుందని తెలంగాణ వాదన. 2022 ముంపులో పోలవరం పనుల కోసం వేసిన తాత్కాలిక కట్ట, ఎగువ కాఫర్ డ్యామ్ పాత్ర ఎంతన్నది రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఇంకా వాదనే. ఎవరిది నిజమన్నా, ఉపనదులను బొమ్మ బయట వదిలేసిన లెక్క ఎవరికీ తోడు రాదు.

పోడు దగ్గర బొమ్మలు ఇంకో రకంగా పుడతాయి. ఒక కోయ గూడెంలో గ్రామసభ తమ అడవి పటం గీసుకోవడాన్ని దగ్గర్నుంచి చూస్తే ఆ తేడా తెలుస్తుంది. చెట్టు కింద నేల ఊడ్చి నీళ్లు చల్లుతారు. మొదట గీసేది వాగు. ఎవరో ఒక పెద్దాయన కర్రతో వంకరలు తిప్పుతుంటే, పక్కనుంచి ఇంకొకరు "ఆడ కాదు, మద్దిచెట్టు దాటినంక తిరుగుద్ది" అని చేత్తో చెరిపేస్తారు. నేల మీద బొమ్మకున్న గొప్పదనం ఆ చెరపడంలోనే ఉంది. కాగితం మీదైతే పెన్ను ఎవరి చేతిలో ఉందో వాళ్లదే చివరి మాట. వాగు తర్వాత గుట్టలు రాళ్లతో, ఇళ్లు చింతగింజలతో, ఇప్పచెట్లు ఇప్పగింజలతో. ఆడవాళ్లు వచ్చి ఎండాకాలం నీళ్లు తెచ్చుకునే చెలమ ఎక్కడుందో పెడతారు. అది ఏ సర్వే పటంలోనూ ఉండదు. తునికాకు కోసే దిక్కు, జిగురు దొరికే గుట్ట, చచ్చిపోయినవాళ్లకు పాతిన రాళ్లు, పండగ చేసే చోటు. హద్దు చివర్న వస్తుంది. అదీ ఒక గీతగా రాదు. "ఆ వాగు దాకా మనది, అవతల గట్టు వాళ్లది, మధ్యలో వెదురు ఇద్దరిదీ."

2006 అటవీ హక్కుల చట్టం ఈ రకం జ్ఞానానికి చట్టంలో చోటిచ్చింది. పెద్దల వాంగ్మూలం, పాత గట్లు, శ్మశానాలు, దేవతల చోట్లు సాక్ష్యాలుగా చెల్లుతాయని నిబంధనలు చెబుతున్నాయి. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు గానీ వాటికి బదులు కాదని 2012 సవరణ తేల్చి చెప్పింది. పక్క ఊళ్ల మధ్య హద్దు తగాదా వస్తే గ్రామసభలు కలిసి కూర్చుని తేల్చుకోవాలి. ఈ పటాలను తర్వాత జీపీఎస్‌తో నడిచి కొలుస్తారు. వరస అదే కావాలి: ముందు ముగ్గు, తర్వాత జీపీఎస్. ఎన్నోచోట్ల వరస తిరగబడింది. ఉపగ్రహ చిత్రంలో పచ్చగా కనిపించిందని దరఖాస్తు పక్కన పెట్టినవాళ్లకు, ఆ ఏడాది నేలను బీడు పెట్టామని చెప్పుకునే చోటు ఏ ఫారంలోనూ దొరకదు.

పోడు తగాదాను ఎక్కువమంది ఒకే బాణంతో గీస్తారు. ఒక వైపు నుంచి చూస్తే "ఆక్రమణ, అడవి నాశనం". ఇంకో వైపు నుంచి చూస్తే "ఫారెస్టోళ్లు, బతుకు నాశనం". బాణాలను ఇంకాస్త ముందుకు లాగితే వేరే బొమ్మ వస్తుంది. పట్టా లేకపోతే బ్యాంకు పంటరుణం రాదు. 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టా ఉన్నవాళ్లకే దక్కేది. అప్పు కోసం విత్తనాల, మందుల దుకాణం దగ్గరికి పోవాలి. దుకాణం అప్పు పత్తికి పుడుతుంది, జొన్నకు పుట్టదు. పత్తి ఒక ఏడాది దెబ్బ తింటే అప్పు మిగులుతుంది, మరుసటేడు ఇంకాస్త నేల కావాలి. నేల పెరిగితే అటవీశాఖ వచ్చి కందకం తవ్వుతుంది, మొక్కలు నాటుతుంది. ఎప్పుడు పోతుందో తెలియని నేల మీద గట్టు వెయ్యాలని, మామిడి పెట్టాలని ఎవరికీ అనిపించదు. గట్టు లేని వాలులో మట్టి కొట్టుకుపోతుంది, దిగుబడి తగ్గుతుంది, మళ్లీ అప్పు. ఈ గుండ్రంలో గొడ్డలి ఒక చిన్న గీత మాత్రమే. దుకాణం, బ్యాంకు, పత్తి మార్కెట్టు గ్రామ పటంలో ఉండవు, అటవీశాఖ బీటు పటంలో అసలే ఉండవు.

ఈ గుండ్రం తెగకపోతే ఎంత దూరం పోతుందో 2022 నవంబరు చూపించింది. చండ్రుగొండ మండలంలో మొక్కల విషయంలో తలెత్తిన గొడవలో ఒక అటవీ రేంజ్ అధికారి ప్రాణం పోయింది. ఉద్యోగం చేసుకుంటున్న మనిషి ఆయన. దాడి చేసిన వాళ్లు గుత్తి కోయలు, 2005 తర్వాత, మావోయిస్టులకు ఎదురుగా నడిపిన సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి వేల సంఖ్యలో పారిపోయి వచ్చి ఈ అడవుల్లో తలదాచుకున్న సముదాయం. ఇక్కడ హద్దు నేల మీద లేదు, కాలంలో ఉంది. అటవీ హక్కులకు కటాఫ్ తేదీ 2005 డిసెంబరు 13. సల్వాజుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. వీళ్లలో అత్యధికుల రాక గీతకు అవతల పడింది. ఎస్టీ ధ్రువపత్రాలు దొరకవు, పట్టా రాదు, వెనక్కి పోవడానికి ఊరు లేదు. ఏ శాఖ బొమ్మలోనూ వీళ్ల గూడేనికి గడి లేదు. గడి లేనంత మాత్రాన మనుషులు లేకుండా పోరు.

2023 జూన్ 30 నుంచి తెలంగాణలో లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. అందులో పెద్ద వాటా భద్రాచలం ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాది. ఎదురుచూపుల్లో తరాలు గడిచిన కుటుంబాలకు అది చిన్న విషయం కాదు. కానీ ఇచ్చినవి వ్యక్తిగత పట్టాలు, విడివిడి ముక్కలు. ఊరంతటిదైన అడవి మీద ఊరికి హక్కిచ్చే సాముదాయిక పత్రాలు ఇక్కడ వెనకబడ్డాయి. ఉమ్మడి రాష్ట్రంలో చాలాచోట్ల వాటిని గ్రామసభల పేరిట కాకుండా వన సంరక్షణ సమితుల పేరిట రాశారు. ప్రాణహితకు అవతల గడ్చిరోలిలో మేండా లేఖా గ్రామం 2009లోనే సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద హక్కు పొందింది, వెదురు తానే అమ్ముకుంది. ముగ్గు పటంలో "మధ్యలో వెదురు ఇద్దరిదీ" అన్న మాటకు వ్యక్తిగత పట్టాలో రాసే వరస లేదు.

వాటర్‌షెడ్ పథకాల మాట క్లుప్తంగా చెప్పుకోవచ్చు. హనుమంతరావు కమిటీ సిఫారసులతో 1995 నుంచి అమలైన మార్గదర్శకాలు 500 హెక్టార్ల చొప్పున నీటివాలును ఒక విభాగంగా తీసుకున్నాయి. పని పైనుంచి కిందికి, గట్టు నుంచి లోయకు సాగాలన్నది సూత్రం. అటవీ అంచు ఊళ్లలో గట్టు రిజర్వు ఫారెస్టులో ఉంటుంది, లోయ రెవెన్యూలో ఉంటుంది. రెండు శాఖలు కలవని చోట పని సగం నుంచి మొదలైంది. నీరు మాత్రం పైనుంచే దిగింది.

మలేరియా బొమ్మకు తెలుగు నేలతో పాత చుట్టరికం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఒకప్పుడు చెడు గాలి వల్ల అనుకున్న జబ్బును గుండ్రంగా గీయడానికి అక్కడ దారి దొరికింది: మనిషి, దోమ, మళ్లీ మనిషి. తర్వాత రాస్ దాన్ని లెక్కల్లోకి మార్చి, ప్రతి దోమనూ చంపక్కర్లేదు, ఒక స్థాయికి తగ్గిస్తే గుండ్రం తెగుతుందని చూపించాడు. ఏజెన్సీలో ఆ గుండ్రానికి కొన్ని స్థానిక బాణాలు కలపాలి. ఇక్కడి దోమల్లో ఒక రకం మెల్లగా పారే కొండవాగుల అంచుల్లో గుడ్లు పెడుతుంది, కాబట్టి మురుగు కాల్వకు మందు కొడితే సరిపోదు. పోడు కాపలాకు మంచె మీద పడుకునేవాళ్లకు ఇంటి గోడకు కొట్టిన మందు పనికిరాదు. ఇంకొకటి, జ్వరంతో వచ్చే మనిషి ఏ రాష్ట్రం వాడన్నది దోమకు తెలియదు. భద్రాచలం ఏరియా ఆస్పత్రికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ పల్లెల నుంచి జనం వస్తారు. జిల్లా లెక్కల్లో కేసులు తగ్గాయని రాసుకుని, సరిహద్దు అవతల వాగు పక్క గూడేన్ని వదిలేస్తే మరుసటి వానాకాలం ఆ లెక్క తిరగబడుతుంది.

ఇన్ని చోట్ల పనికొచ్చిన ఈ పద్ధతికి గట్టి విమర్శలూ ఉన్నాయి. డేవిడ్ మోస్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1994లో పశ్చిమ భారతంలోని భిల్లుల ఊళ్ల అనుభవంతో ఒక మాట రాశాడు. అందరి ముందూ నడిబజారులో గీసే పటంలో ఊరి పెద్దల మాటే ఊరి మాటగా ఎక్కుతుందని, ఆడవాళ్లు ఆ వేళకు, ఆ చోటుకు రాలేరని. 2001లో వచ్చిన ఒక వ్యాస సంపుటి భాగస్వామ్యమే కొత్త నిరంకుశత్వమా అని పేరులోనే అడిగింది. ఈ ప్రశ్నలు న్యాయమైనవి. ప్రాజెక్టు వస్తుందని తెలిసిన ఊళ్లో ఏ పటం గీయించినా చెక్‌డ్యామ్ కావాలన్నట్టే వస్తుంది, చెక్‌డ్యామ్‌కే నిధులున్నాయని అందరికీ తెలుసు కాబట్టి. బాణాల బొమ్మలకూ రోగం ఉంది. కారణం, ఫలితం అని బాణం గీసేశాక, ఆ బాణం నిజమో కాదో పరీక్షించే ఓపిక చాలామందికి ఉండదు. పైన చెప్పిన పోడు గుండ్రంలోనూ ప్రతి బాణాన్నీ ఒక్కో గూడెంలో అడిగి చూసుకోవాల్సిందే. పత్తి వెయ్యని ఊళ్లలో అది వేరేగా తిరుగుతుంది.

అందుకే పటం అందం కంటే దాని అంచున రాసుకున్న నాలుగు మాటలకు ఎక్కువ విలువ ఉంటుంది. ఎవరు గీశారు, ఏ నెలలో గీశారు, ఎవరు రాలేదు, ఏది వదిలేశాం. వేసవిలో గీసిన పటంలో వాగు దాటొచ్చు, ఆగస్టులో అదే వాగు ఊరిని రెండుగా కోసేస్తుంది. ఆడవాళ్ల పటం, మగవాళ్ల పటం విడివిడిగా గీసి పక్కపక్కన పెడితే, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేని చెలమలు, పొదలు, దారులు ఎన్నో బయటపడతాయి. వ్యవస్థ బొమ్మను ముగించినట్టు కాకుండా తెరిచి ఉంచినట్టు గీయడం శాఖలకు అలవాటు లేదు. ఫైలుకు ముగింపు కావాలి.

ముంపు గీత విషయంలో మాత్రం ఎదురుచూడాల్సిన పని లేదు. కూనవరం నుంచి శబరి పట్టుకుని చింతూరు దాకా, గోదావరి పట్టుకుని ఎటపాక దాకా నీళ్లెక్కిన ఊళ్లలో 2022 వరద ఎందాకా వచ్చిందో ప్రతి ఇంటివాళ్లకూ గుర్తుంది. కొందరు కిటికీ మీద వేలు పెట్టి చూపిస్తారు, కొందరు దూలం దగ్గర. 1986ను చూసిన ముసలివాళ్లు ఇంకా పైకి చూపిస్తారు. ఆ వేలు చూపిన ఎత్తును లెవెల్ యంత్రంతో కొలిచి, ఊరికి ఒక చుక్క చొప్పున పటం మీద పెట్టి, చుక్కల్ని కలుపుకుంటూ పోతే గీత అడ్డంగా రాదు, ఎగువకు పోయేకొద్దీ లేస్తుంది. ఆ వాలు గీత కింద ఎన్ని ఊళ్లున్నాయో లెక్కపెట్టడానికి ఒక వేసవి, ఇద్దరు సర్వేయర్లు, గోడ చూపించే ఇంటివాళ్లు చాలు. ఇంటివాళ్లు సిద్ధంగానే ఉన్నారు.